ఒక అద్దం తుడిచేంతసేపు

జూన్ 5

అత్తా,

మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే మూడో నిమిషానికల్లా పోట్లాటలోకి దిగుతామని నువ్వే అన్నావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పైగా నాకు కావలసినవి అంకెలు. పెయింట్ల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు రంగు ఎంతసేపట్లో ఆరుతుందో రాసుకుంటూ కూర్చున్నదాన్ని. అంకె కాగితం మీద కనిపిస్తే తప్ప నాకు మనసు కుదుటపడదు.

నువ్వు చేతి ఆపరేషనుకని చిన్నత్త దగ్గరికి వెళ్లి నేటికి పది రోజులు. బేకరీ రోజూ ఆరున్నరకే తెరుస్తున్నాను. బ్రెడ్డు, బన్నులు బాగానే వస్తున్నాయి. అవి నీ పక్కన నిలబడి నేర్చుకున్నవి. నేర్చుకోనిది పొడుగు కేకు. చిక్కంతా దానితోనే వచ్చింది.

నిన్న పునరావాస కేంద్రం వంటశాల ఆవిడ వచ్చింది. ప్రతి సోమవారం మన దగ్గర తీసుకునే నలభై పొడుగు కేకుల్లో ఇకనుంచి గుడ్లు ఉండకూడదట, పంచదార ఉండకూడదట. పంచదార బదులు తేనె, గుడ్ల బదులు అరటిపండు గుజ్జు అయితే సమ్మతమేనట. మూడు సోమవారాలు చూస్తుంది. నచ్చకపోతే ఆర్డరు ఏదో ఫ్యాక్టరీకి ఇచ్చేస్తుంది. కోపంగా ఏమీ అనలేదు, కూరగాయల జాబితా చదివినట్టు చెప్పి వెళ్లింది. ఆ ఆర్డరు పోతే మిగిలిన అమ్మకాలతో ఈ కొట్టు నిలవదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మూడు నెలల్లో నువ్వు తిరిగొచ్చి నిలబడటానికి ఇక్కడ నీ ఓవెన్ ఉండాలి. నేను చూసుకోవలసింది అదొక్కటే.

అందుకని నీ పుస్తకం తీశాను. పొడుగు కేకు పేజీలో మూడు రకాల రాతలున్నాయి. మొదట నీలం సిరాతో మైదా, వెన్న, పంచదార, గుడ్లు, వాటి తూకాలు, నూట ఎనభై డిగ్రీలు. కింద "రెండు అద్దాలు" అని ఉంది. తర్వాత ఎప్పుడో వెన్న కొట్టేసి ఆకుపచ్చ సిరాతో నూనె అని రాశావు. దాంతోపాటు రెండు కొట్టేసి "ఒకటిన్నర అద్దం" చేశావు. ఆ తర్వాత పెన్సిలుతో పంచదార ముప్పావుకి తగ్గించి, "ఒక అద్దం" అన్నావు.

అద్దం అంటే ఎన్ని నిమిషాలు? తేనె, అరటిపండు వేస్తే ఎన్ని అద్దాలు? వెంటనే జవాబు రాయించు. మొదటి సోమవారం పన్నెండో తేదీ.

చెయ్యి కదపకు. చిన్నత్త మాట విను.

నీ మేనకోడలు

*

జూన్ 9

ఒసేయ్ గడియారం,

రాస్తున్నది మీ చిన్నత్త, చెప్తున్నది నేను. కుడిచెయ్యి ఇంత లావు కట్టులో ఉంది. దస్తూరి కుదిరిందని మురిసిపోకు.

అద్దం అంటే నిమిషాలు కాదే, అద్దమే! మన కౌంటర్ అద్దం. ట్రేలు లోపల పెట్టి ఓవెన్ తలుపు వెయ్యడం, గుడ్డ తడిపి పిండుకోవడం, కౌంటర్ ఎడమ చివర మొదలుపెట్టడం. ముందు తడిగుడ్డ, వెనకాలే పాత పేపరు. బయటివైపు అయ్యాక లోపలివైపు. కుడి చివరికి వచ్చేసరికి ఒక అద్దం. నేను కొట్టు పెట్టిన కొత్తలో గోడగడియారం పట్టుమని పది రోజులు నడిచేది కాదు. పైగా చేతులు ఖాళీగా ఉంటే ఊరికే ఓవెన్ తలుపు తెరిచి చూడబుద్ధవుతుంది. తలుపు తెరిస్తే లోపలి వేడంతా బయటికొస్తుంది, కేకు నడుం కుంగిపోతుంది. అందుకని చేతులకి పని పెట్టుకున్నా. ముప్పై ఏళ్లలో నా కేకు మాడిందనీ, పచ్చిగా ఉందనీ అన్నవాడు లేడు.

ఎనిమిదేళ్ల కిందట మనకి వెన్న వేసే మనిషి వ్యాపారం మానేశాడు. అప్పుడు నూనెకి మారా. నూనె వేస్తే త్వరగా అవుతుందని అప్పుడే తెలిసింది. సగం అద్దం కలిసొచ్చింది. పంచదార తగ్గించింది మూడేళ్లయింది, అందరూ తీపి ఎక్కువంటున్నారని. అప్పుడింకో సగం తగ్గింది. పుస్తకం నేను ఊరికే తియ్యను, సరుకు మారితేనే తీస్తా. అందుకే సరుకు మారినచోటే సేపు కూడా మారినట్టు రాసుంటుంది.

ఇక నీ తేనె సంగతి. తేనె త్వరగా రంగు తిరుగుతుంది, కాబట్టి కాస్త తగ్గించు. అరటిపండు బరువు, తడి ఎక్కువ, కాబట్టి కాస్త పెంచు. ఆ తగ్గింపు ఈ పెంపుకి చెల్లు. మొత్తం ఒక అద్దం. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద ఉత్తరమా?

డాక్టరు ఆపరేషన్ బాగా జరిగిందన్నాడు. ఎన్నాళ్ల నుంచి తిమ్మిరి అని అడిగాడు. ఆరు నెలలన్నా. అయితే మూడు నెలల్లో మామూలైపోతుందన్నాడు. అది చాలు నాకు.

అత్త

(చిన్నత్త సొంత మాట: ఇక్కడ మీ అత్త చెయ్యి కదపని రోజు లేదు. నిన్న ఎడంచేత్తో నా వంటింటి గట్టు తుడిచేసింది.)

*

జూన్ 14

అత్తా,

పన్నెండో తేదీ నలభై కేకులు పంపాను. పదమూడో తేదీ ముప్పై ఎనిమిది తిరిగొచ్చాయి.

నువ్వు చెప్పినట్టే చేశాను. గుడ్డ పిండుకున్నాను, ఎడమ చివర మొదలుపెట్టాను, పేపరుతో ఆరబెట్టాను. కుడి చివరికి వచ్చేసరికి సరిగ్గా ఇరవై నిమిషాలు. తలుపు తెరిస్తే పైన ముదురు రంగు, చూడముచ్చటగా ఉంది. పుల్ల గుచ్చితే లోపల పిండి పిండిగానే ఉంది. మళ్లీ లోపల పెట్టి పది నిమిషాలు ఆగాను. అప్పటికి పైన నల్లబడింది, మధ్యలో గుంటపడింది, వ్యాను డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు. పంపేశాను. పంపకుండా ఉండాల్సింది.

నాన్న ఒక కేకు మధ్యలోంచి చెంచాతో తవ్వుకుని తిన్నాడు. "పాయసంలా ఉందే, బాగుంది" అన్నాడు. ఆయన ఓదార్పు ఎప్పుడూ ఇంతే.

ఒక మాట నేరుగా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇరవై నిమిషాల్లో ఏ పొడుగు కేకూ ఉడకదు, అది వెన్నతో చేసినా నూనెతో చేసినా. ఈ సంగతి నీకు తెలియకుండా ఉండదు. అసలు సమయం చెప్పడం నీకు ఇష్టం లేకపోతే లేదని చెప్పు. కొంతమంది పనివాళ్లు ఒక్క కిటుకు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటారని విన్నాను. నువ్వు అలాంటిదానివని అనను. ఇంకా రెండు సోమవారాలే ఉన్నాయని మాత్రం గుర్తుచేస్తున్నాను.

మేనకోడలు

*

జూన్ 18

అమ్మా, లెక్కల మాస్టారమ్మా,

కిటుకు దాచుకున్నానా నేను? నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పిండి ముద్ద చేతికిచ్చి ఆడించినదాన్ని, నేను దాచుకున్నానా? మీ చిన్నత్త ఈ వాక్యం రాయనంటోంది. రాయవే, రాయి.

తప్పు ఎక్కడుందో ఇక్కడ కూర్చునే చెప్తా. నువ్వు తుడిచింది తుడవడమేనా? పైపైన గుడ్డ ఆడించుంటావు. మూలలు చూశావా? కింద చెక్క అంచులో పొడి ఇరుక్కుంటుంది, గోరుకి గుడ్డ చుట్టి తియ్యాలి. అద్దం అవతల నిలబడినవాడికి అద్దం ఉందని తెలియకూడదు. అది ఒక అద్దం. నువ్వు తుడిచింది ముప్పావు కూడా ఉండదు.

అనుమానంగా ఉంటే నా మొదటి లెక్క పట్టుకో, రెండు అద్దాలు. ఓవెన్ కూడా ఒకలా ఉండదు. వయసు మీదపడ్డకొద్దీ దానికి వేడి పెరిగింది, అందుకే నాకు సేపు తగ్గుతూ వచ్చింది. ముసలివాళ్లకి కోపం పెరిగినట్టు దానికి వేడి పెరిగింది. దాని జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వకు. దాని సంగతి నాకు తెలుసు, నా సంగతి దానికి తెలుసు.

కట్టు విప్పారు. వేళ్లు కదులుతున్నాయి.

అత్త

(చిన్నత్త: కదులుతున్నాయి గానీ పట్టు లేదు. పొద్దున రెండు గ్లాసులు వదిలేసింది. సబ్బు చేతులంది. చేతికి సబ్బు లేదు.)

*

జూన్ 20

అత్తా,

రెండో సోమవారం కూడా అయింది. ఈసారి నేను పంపనే లేదు.

మూలలు తుడిచాను. చెక్క అంచులో పొడి గోరుతో తీశాను. అవతల నిలబడ్డ ఒకాయన అద్దానికి ముక్కు కొట్టుకున్నాడు, కాబట్టి తుడవడంలో నాకు ఇక వంక పెట్టకు. ఎంత నెమ్మదిగా చేసినా ఒక అద్దం ఇరవై ఎనిమిది నిమిషాలు దాటలేదు. రెండు అద్దాలు తుడిచాను, యాభై ఆరు నిమిషాలు. నూట ఎనభై డిగ్రీల మీద అంతసేపు ఉంటే తేనె ఏమవుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. నలభై కేకులూ బొగ్గులయ్యాయి. వంటశాల ఆవిడకి ఫోన్ చేసి ఈ వారం లేవని చెప్పాను. "ఇంకొక్క సోమవారం ఉంది" అంది, అదే గొంతుతో.

నువ్వు ఓవెన్‌కి వేడి పెరిగిందన్నావు కదా, అది నిజమో కాదో చూడాలని మెకానిక్‌ని పిలిచాను. రేపు వస్తాడు. నేను కూడా ఫ్యాక్టరీలోంచి తెచ్చుకున్న థర్మామీటరు లోపల పెట్టి చూస్తాను. నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా పిలిచాను.

మేనకోడలు

*

జూన్ 23

ఏమే,

ఎవర్నడిగి పిలిచావు? చెప్పు, ఎవర్నడిగి?

మెకానిక్ అనేవాడు ఎందుకొస్తాడో నాకు తెలియదా? పాతదైపోయింది, విడిభాగాలు దొరకవు, కొత్తది తీసుకోండి అంటాడు. నువ్వు తల ఊపుతావు. నేను వచ్చేసరికి దాని చోట మీటలు నొక్కే డబ్బా ఒకటి ఉంటుంది. అప్పుడు నా పని కూడా మీటలు నొక్కడమే. అంతేనా? నాలుగు రోజులు కౌంటర్ వెనక నిలబడగానే కొట్టు నీదైపోయిందా?

ఆ తేనె, అరటిపండు పిండిలో పోసి చేతులు దులుపుకుని కూర్చో. మూడో సోమవారం పోతే పోనీ. పోయే ఆర్డరు నా చేతుల మీదుగానే పోనీ, వచ్చే వారం బయల్దేరి వస్తున్నా.

అత్త

(చిన్నత్త: రాదు. సంచి జిప్పు వేసుకోలేకపోయింది. ఇది రాసినట్టు మీ అత్తకి చెప్పకు.)

*

జూన్ 28

అత్తా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువుకో. చిన్నత్తకి ఇవ్వాలో వద్దో తర్వాత ఆలోచించు. అంకెలు వరసగా రాస్తాను, ఎందుకంటే ఇందులో నేను చెప్పవలసినది వేరే ఏ రకంగానూ చెప్పలేను.

ఓవెన్ ఎక్కడికీ పోలేదు. మెకానిక్ తలుపు తీసి చూసి, బిగింపులు చూసి, ఇంకో ఇరవై ఏళ్లు పనిచేస్తుందని చెప్పి టీ తాగి వెళ్లాడు. నా థర్మామీటరు కూడా అదే చెప్పింది. నూట ఎనభై దగ్గర పెడితే లోపల నూట ఎనభై. దానికి వేడి పెరగలేదు.

అయితే నూనె కారణమేమో అనుకున్నాను. గురువారం నీ నీలం సిరా కేకు చేశాను, వెన్నతో. పుల్ల పొడిగా వచ్చేసరికి నలభై నిమిషాలు. శుక్రవారం ఆకుపచ్చ సిరా కేకు, నూనెతో. ముప్పై ఏడు. శనివారం పెన్సిలు కేకు, పంచదార తగ్గించి. ముప్పై ఎనిమిది. అంటే ఇన్నేళ్లుగా నువ్వు సరుకు మార్చినప్పుడల్లా వచ్చిన తేడా మూడు నిమిషాలు దాటదు. సగం సగం అద్దాలు కాదు.

మరి నీ పుస్తకంలో రెండు అద్దాలు ఒకటెలా అయింది? కేకు మారలేదు, ఓవెన్ మారలేదు. మారడానికి ఇంకొక్కటే మిగిలింది.

మొదట్లో నీకు ఒక అద్దం అంటే ఇరవై నిమిషాలు, నేను మొదటిసారి తుడిచినప్పుడు పట్టినంత. ఎనిమిదేళ్ల కిందట ఇరవై ఐదు. మూడేళ్ల కిందట ముప్పై ఎనిమిది.

నమ్మలేక పక్క కొట్టు టైలరు దగ్గరికి వెళ్లాను. ఆయన మిషను మన కౌంటర్‌కి ఎదురుగానే కదా ఉంటుంది. అడిగితే నవ్వాడు. "మీ అత్త గుడ్డ పట్టుకుని మొదలుపెట్టిందంటే నేను ప్యాంటు చేతిలోకి తీసుకునేవాణ్ణమ్మా. ఆవిడ ఆ చివరికి వచ్చేసరికి నాకు ఒక కాలు అయ్యేది. ఈమధ్య రెండు కాళ్లూ అయిపోయి నడుంపట్టీ కూడా కుట్టేస్తున్నా. నా చెయ్యి వేగం పెరిగిందేమో అనుకున్నా!" అన్నాడు. అని, కాసేపటికి నవ్వడం మానేశాడు.

అత్తా, నీ చేతికి తిమ్మిరి ఆరు నెలలది కాదు. ఎనిమిదేళ్లకి పైమాటే. నువ్వు కేకు సరిగ్గా తీస్తూనే ఉన్నావు. వాసన పట్టి తీసేదానివనుకుంటాను. పుస్తకంలో ఆ సేపుని నీ చేతులతో కొలిచి రాశావు. కొలకర్ర సాగిపోతోందని నీకు తెలియలేదు. మాకూ తెలియలేదు. నేను అదే కౌంటర్ ముందు నిలబడి వారానికి నాలుగుసార్లు బన్ను కొనుక్కుని తిన్నాను, నీ చెయ్యి వైపు ఒక్కసారి చూడలేదు. ఫ్యాక్టరీలో రంగు అర నిమిషం ఆలస్యంగా ఆరితే పట్టుకునేదాన్ని. అది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది.

ఆ మూడు నెలల మాట డాక్టరు నువ్వు చెప్పిన ఆరు నెలల లెక్క మీద అన్నాడు. ఆయనకి అసలు సంగతి చెప్పు. ఈ అంకెలు పట్టుకెళ్లి చూపించు.

కేకు సంగతి కూడా రాయాలి కదా. అద్దాలు పక్కన పెట్టి మొదటి నుంచి నిమిషాల్లో లెక్క కట్టుకున్నాను. తేనె రంగు త్వరగా తిరుగుతుంది కాబట్టి వేడి నూట అరవై ఐదుకి దించాను. వేడి దించాను, పైగా అరటిపండు తడి, కాబట్టి సేపు పెంచాను. చిటికెడు వంటసోడా వేశాను. ముప్పై ఐదో నిమిషం దాటాక పైన కాగితం కప్పాను. యాభై మూడు నిమిషాలకి పుల్ల పొడిగా వచ్చింది. సోమవారం వంటశాల ఆవిడ వచ్చి నిలబడే ఒక ముక్క తింది. ఇంకో ముక్క తింది. "వచ్చే వారం నుంచి పంపండి" అంది, జాబితా చదివినట్టే.

ఆర్డరు నిలిచింది. ఓవెన్ ఉంది. నువ్వు రావడమే తరువాయి, ఎప్పుడైనా సరే.

మేనకోడలు

*

జూలై 19

అమ్మాయ్,

మూడు వారాలు జవాబు ఇవ్వలేదు. ఇవ్వబుద్ధి కాలేదు. నీ ఉత్తరం చదివి చించేద్దామనుకున్నా. చించడానికి వేళ్లలో పట్టు చాల్లేదు. అప్పుడు నవ్వొచ్చింది. మీ చిన్నత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిందనుకుని. దానికే ఇచ్చి చదవమన్నా. ఇది కూడా అదే రాస్తోంది, ముక్కు చీదుకుంటూ.

ఓవెన్ విషయంలో నిన్నన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. ఒక్క మాట మాత్రం తీసుకోను. అడిగి పిలవాల్సింది.

తెలియలేదన్నావే, అది తప్పు. కొంచెం తెలుసు. గుడ్డ పిండేటప్పుడు బొటనవేలు నాది కానట్టుండేది. ట్రేలు జారేవి, నెయ్యి చేతులని చెప్పేదాన్ని. టైలరు ఇటు చూస్తున్నాడంటే గుడ్డ ఎడంచేతికి మార్చుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇక కూర్చోమంటారు. కూర్చోబెట్టాక నన్నెవరు అడుగుతారు? నాకు భయమేసిందే. అంతే, ఇంకేం లేదు. కానీ పుస్తకంలో రాస్తున్నది అదేనని మాత్రం నిజంగా తెలియదు. కేకు త్వరగా అవుతోందని సంతోషపడ్డా చూడు, ఆ మాట తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది.

డాక్టరుకి చెప్పా. నీ అంకెలు చూపించా. ఆయన కళ్లజోడు తీసి, "ఇది ఎవరు రాశారు?" అన్నాడు. మా మేనకోడలు, రంగులు ఆరబెట్టేది అన్నా. బొటనవేలి కింద కండ చాలావరకు పోయిందట. కొంత తిరిగి వస్తుందట, ఎంత అనేది తనూ చెప్పలేనన్నాడు. రోజూ చేతికి పని చెప్పమన్నాడు. మెత్తటి బంతి ఒకటిచ్చి నొక్కమన్నారు. నాకు బంతులు నొక్కడం రాదు. సిగ్గుగా ఉంది, చిన్నపిల్లలా.

కేకు ఒక ముక్క పంపి ఉండాల్సింది.

అత్త

*

జూలై 24

అత్తా,

కేకు పంపుతున్నాను, ఈ ఉత్తరంతోపాటే. అంచు కాస్త ముదిరింది, అది చివరి వరస ట్రే.

బంతి పక్కన పడెయ్. చిన్నత్త ఇంట్లో బాల్కనీకి అద్దం తలుపు ఉంది కదా. దాని పొడుగు వెడల్పు చిన్నత్తని ఫోనులో అడిగి తెలుసుకున్నాను. మన కౌంటర్‌తో లెక్క చూశాను. ఆ తలుపు రెండువైపులా రెండుసార్లు తుడిస్తే మన ఒక అద్దంతో సమానం. చిన్నత్తని గడియారం పట్టుకుని కూర్చోమను. తడిగుడ్డ, పేపరు, మూలలు, అన్నీ నీ పద్ధతిలోనే. అంకె ప్రతి వారం నాకు రాయి.

నీ పుస్తకంలో కొత్త కేకుకి కొత్త పేజీ పెట్టాను. నూట అరవై ఐదు డిగ్రీలు, యాభై మూడు నిమిషాలు అని పెన్నుతో రాశాను. దాని కింద "ఎన్ని అద్దాలు" అని రాసి ఖాళీ వదిలాను. అది నీ అంకెతో నింపుతాను, పెన్సిలుతో. అంకె తగ్గినప్పుడల్లా చెరిపి మళ్లీ రాస్తాను.

టైలరు అడిగాడు నీ గురించి. చొక్కా చేతిలో పట్టుకుని నీ కొత్త అంకె చెప్పమంటున్నాడు, ఆయనకీ లెక్క కావాలట.

మేనకోడలు

*

ఆగస్టు 22

అమ్మాయ్,

మొదటి వారం యాభై రెండు. మీ చిన్నత్త గడియారం పట్టుకుని నా పక్కనే కూర్చుని ఆవలించింది. రెండో వారం నలభై మూడు. మూడో వారం ముప్పై ఏడు. నిన్న ముప్పై ఐదు. మీ చిన్నత్త బాల్కనీ తలుపంత శుభ్రమైన తలుపు ఈ భవనంలో ఇంకోటి లేదు. పై అంతస్తావిడ వచ్చి మా ఇంట్లో కూడా తుడుస్తారా అని అడిగింది. నేను ఎవరనుకుందో మరి.

కేకు తిన్నా. బాగుంది. తేనె కొంచెం ఎక్కువైంది, రెండు చెంచాలు తగ్గించు. తగ్గిస్తే సేపు కూడా చూసుకోవాలి, మర్చిపోకు. అరటిపండ్లు ఇంకా మాగినవి వెయ్యి.

ముప్పై ఐదు కదా, ముప్పైకి వస్తే బయల్దేరతా. ఇరవైకి వస్తే టైలరుకి చెప్పు, నేనే చెప్పానని, ఒక కాలే కుట్టుకోమని.

అత్త

*

సెప్టెంబరు 2

అత్తా,

తేనె రెండు చెంచాలు తగ్గించాను. పుల్ల పొడిగా రావడానికి అదే యాభై మూడు పట్టింది. పేజీలో ముప్పై ఐదు అని పెన్సిలుతో రాశాను. ఆ లెక్కన కొత్త కేకు నీకు ఒకటిన్నర అద్దం. అంటే యాభై రెండున్నర నిమిషాలు. మిగిలిన అర నిమిషం గుడ్డ పిండుకోవడానికి అనుకుందాం.

పది రోజులుగా నీ అంకె రాలేదు. ముప్పై అయిందా? వంటశాల ఆవిడ ఇప్పుడు నలభై కాదు, యాభై కేకులు అడుగుతోంది. నేను ఒక్కదాన్నే కలపడం, కప్పడం, అమ్మడం కుదరడం లేదు. ఇది నిన్ను తొందరపెట్టడానికి రాయడం లేదు. నిజంగానే కుదరడం లేదు.

మేనకోడలు

*

సెప్టెంబరు 11

అమ్మాయ్,

ఇది నేనే రాస్తున్నా. కుడిచేత్తోనే. ఈ ఒక్క పేజీకి పొద్దున్నుంచి కూర్చున్నా, కాబట్టి వంకర రాతకి నవ్వకు.

అంకె ఎందుకు రాయలేదంటే, మారలేదు. ముప్పై ఐదు. తర్వాతి వారం ముప్పై ఐదు. ఆ పై వారం కూడా ముప్పై ఐదే. డాక్టరు చూసి, ఇక ఇంతే అన్నాడు. ఆయన చెప్పకముందే నాకు తెలిసింది. రెండు రోజులు గుడ్డ ముట్టుకోలేదు. ఏడ్చాను కూడా. తర్వాత నీ పేజీ గుర్తొచ్చింది. ఒకటిన్నర అద్దం. అది ముప్పై ఐదు మీద కట్టిన లెక్కే కదా. అంటే ఈ చేత్తో ఆ కేకు అవుతుంది.

ముప్పై ఐదు చెరిపెయ్. పెన్నుతో రాయి.

గురువారం పొద్దుటి బస్సుకి వస్తున్నా. అద్దం నేను తుడుస్తా. గుడ్డ మాత్రం నువ్వు పిండి ఇవ్వు. అది నా వల్ల కాదు.

అత్త